పంటిగాటు

ముప్పై ఒక్క ఏళ్లు ఎడెన్‌డేల్ ఆసుపత్రిలో
డాక్టర్ల కోడిగీతలు చదివినదాన్ని.
ఈ గుమస్తా దస్తూరీ నన్నేం భయపెడుతుంది?

పీటర్‌మారిట్స్‌బర్గ్. గురువారం. రికార్డుల గది.
సంచీ బయట పెట్టాలి, పెన్ను బయట పెట్టాలి.
పెన్సిల్ని మాత్రం లోపలికి రానిస్తారు,
అది చెరిగిపోతుంది కనుక.

మైక్రోఫిల్మ్ చక్రం తిప్పుతుంటే
లండన్‌లో రాసిన పతకాల పట్టీలు
రైలు కిటికీలో చెరకుతోటల్లా పరిగెడతాయి.
నంబరు, హోదా, పేరు, ఏ ఏటి యుద్ధం,
చివర ఒక సన్నటి గడి: రిమార్కులు.

మా ముత్తాత పేరు మ్కలానే.
మధ్యలో ఒక శబ్దముంది,
ఎద్దుని అదిలించేటప్పుడు నాలుక అంగిట్లో అతుక్కుని
టక్కున ఊడివచ్చేది.
అది ఏ లిపికీ చిక్కదు, మీరు చదువుతున్న దీనికీ.
1879 జనవరిలో, బల్ల ముందు వరసలో నిలబడి
ఆయన పేరు చెప్పాడు.
బల్ల వెనక కుర్రాడు తలెత్తకుండా రాశాడు: మకలానా.
ఫిబ్రవరి జీతాల పట్టీలో: ఉంకలీన్.
పతకాల దగ్గరికొచ్చేసరికి విసుగు పుట్టిందేమో,
జిమ్.

ఆ పుటలో జిమ్‌లు పద్నాలుగు మంది.
దళనాయకుడి పేరు పట్టుకుని
నా జిమ్‌ని తేల్చడానికి ఏడు గురువారాలు పట్టింది.

పదిమందికొక తుపాకి ఇచ్చారు.
తక్కిన తొమ్మిదిమందికి ఇంటి నుంచి తెచ్చుకున్న బల్లేలే,
సొంతవాళ్లే కాల్చకుండా తలకో ఎర్ర పేలిక.
నదికి అవతల నిలబడ్డవాళ్లదీ ఇదే భాష,
వాళ్లలో ఇద్దరు ఆయన మేనమామ కొడుకులు.
దీనికి గడి లేదు.

రిమార్కుల్లో ఉన్నది ఇంతే:
ఎవరూ తీసుకోలేదు, టంకశాలకు వాపసు.

జిమ్ అని పిలిస్తే ఆయనెందుకు పలుకుతాడు?

మరి మా ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో ఉన్నదేమిటి?
ఒక వైపు రాణి, ఇంకో వైపు పొద వెనక వంగిన సింహం.
ప్రతి శనివారం నానమ్మ బూడిద పెట్టి తోమి తోమి
రాణి ముక్కు అరగదీసింది.
అంచున ఉన్న రాత మాత్రం ఎవరూ చదవలేదు,
చూపున్నవాళ్లకి చదువు లేదు,
చదువొచ్చేసరికి చత్వారం వచ్చింది.
భూతద్దం కొనుక్కుని మొన్న నేను చదివాను:
1187, ప్రైవేట్ డబ్ల్యూ. టాన్స్‌లీ.

టాన్స్‌లీని వెతకడానికి పది నిమిషాలు.
ఎంత శుభ్రంగా ఉంది అతని వరస!
రిమార్కులు: పోగొట్టుకున్నాడు, రుసుము కట్టాడు,
మరొకటి జారీ.

నేను చెవిన పెట్టని కథొకటి నానమ్మ చెప్పేది.
రైలు పట్టాలు వేసేచోట జ్వరంతో పడున్న తెల్లవాడు
మూడు వారాల జావకి బదులు
చొక్కాకున్న బిళ్ల విప్పి ఇచ్చాడని.
ఇచ్చాడో, ఒళ్లు తెలియనప్పుడు ముత్తాతే విప్పుకున్నాడో.
ఇచ్చాడనే చెప్పుకుంటాం మేం.

టాన్స్‌లీకి రెండు.
మ్కలానేకి వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయింది ఒకటి,
ఆ వెండి కరిగి ఎవరి జేబులో చిల్లరైందో.

అంచు మీద రెండు ఏడుల్లా కనిపించేది
నిజానికి ఒక ఏడు, పక్కనొక సొట్ట.
పళ్లొచ్చే నెలల్లో మా నాన్న కొరికాడట.
నేను దీన్నంతా ఒక కాగితం మీద ఎక్కించుకున్నాను,
మకలానా, ఉంకలీన్, జిమ్, టాన్స్‌లీ, పంటిగాటు.
ఒక్కదాని కిందే గీత గీశాను.

నాలుగింటికి దీపాలార్పుతూ కాపలా కుర్రాడు
ఎవరి కోసం గోగో, ఇన్ని వారాలు, అన్నాడు.
చెప్పాను.
మ్కలానే, అన్నాడు వాడు తాళంచెవులు వెతుక్కుంటూ,
మధ్యలో టక్కుమన్నది
ఖాళీ గదిలో, ఏ తప్పూ లేకుండా.